ఎడమవైపు కమాను

నేను ఒక కమాను పట్టీని. పికప్ బండి వెనక చక్రాల దగ్గర ఒకదాని కింద ఒకటి వంగి కూర్చుని బరువు మోస్తుంటామే, ఆ కట్టలో అన్నిటికన్నా పైనుండే పొడుగుదాన్ని. బండికి వెనక రెండు కట్టలుంటాయి, కుడికొకటి, ఎడమకొకటి. నాది ఎడమ. నా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

పుట్టుకతోనే నేను పిరికిదాన్ని. ఎర్రగా కాల్చి, వంచి, ఒక్కసారిగా నూనెలో ముంచారు. చుయ్యిమన్న ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. బండికి బిగించాక, నేనెంత బరువు మోయగలనో ముద్రించిన చీటీ ఒకటి తలుపుకి అంటించారు. ఆ చీటీ చదివిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

మొదటి యజమాని రాజమండ్రిలో షామియానాల కామేశం గారు. పాపం మంచాయనే. కుర్చీలు ఎక్కించి, వాటి మీద పందిరి గుడ్డలు, గుడ్డల మీద వంట గుండిగలు, ఆ పైన వంటవాళ్ళని కూడా ఎక్కించి, "ఇంకా చోటుందిరా" అనేవారు. చోటు వేరు, ఓపిక వేరు అని మనుషులకి ఎవరూ చెప్పరు కాబోలు. అయినా అప్పుడు నాది కొత్త ఒళ్ళు. ఎంత కుంగినా బరువు దించగానే లేచి కూర్చునేదాన్ని. తరవాత ఆయన పెద్ద బండి కొనుక్కుని మమ్మల్ని అబ్బులుకి అమ్మేశారు.

అబ్బులుది కడియపులంక. నర్సరీల నుంచి మొక్కలు తోలడం అతని పని. అతని భార్య మంగ అక్కడే ఒక నర్సరీలో పనిచేస్తుంది. ఎండిపోయిందని గట్టు మీద పారేసిన కొమ్మని కూడా ఆవిడ చేత్తో గుచ్చితే చిగురేస్తుంది. అంత చల్లని చెయ్యి. ఆ చల్లని చేతి గురించే నా గోడు.

అక్కడొక అలవాటుంది. బండి కదిలే ముందు మొక్కలకి నీళ్ళు పెట్టాలి. మొక్క దాహంతో ఊరు దాటకూడదంటుంది మంగ. మొక్కల సంచులన్నీ ఎక్కించాక, షెడ్డు గోడ దగ్గర కుళాయికి గొట్టం తగిలించి తనివితీరా నీళ్ళు పడుతుంది. ఆ కుళాయి బండికి ఎడమవైపు. గొట్టమేమో పొట్టిది. కుడివైపు సంచులకి తుంపర్లు, ఎడమవైపు సంచులకి వాన. దానికి తోడు, తడి కారిపోకూడదని అబ్బులు అడుగున తార్పాలిన్ పరిచి అంచులు పైకి మడిచేవాడు. చుక్క కిందికి పోయేది కాదు. ఆ మట్టీ, ఆ పేడ ఎరువూ నీళ్ళు తాగి తాగి బరువెక్కేవి. ఆ వేళకి అబ్బులు కేబిన్‌లో కూర్చుని అద్దం తుడుచుకుంటూ ఉండేవాడు. వెనక ఏం జరుగుతోందో చూడలేదు పాపం.

నేను మటుకు చూస్తూనే ఉన్నాను. చెప్పడానికి నోరేది? కిర్రుమనడం ఒక్కటే నాకు తెలిసిన భాష. కిర్రుమంటే గ్రీజు రాసేవాడు.

కొన్నాళ్ళకి బండి ఎడమవైపు ఒరగడం మొదలైంది. దారిలో ఎవరో ఒకరు, "అబ్బులూ, నీ బండి కుంటుతందిరో" అని కేకేసేవారు. అతనికి అది తల కొట్టేసినట్టుండేది. ముందు నాకూ ఇరుసుకీ మధ్య పాత టైరు ముక్క కుక్కాడు. అది నలిగి ఊడిపోయింది. తరవాత కమాన్లు బాగుచేసే ఖాసిం సాయిబు షెడ్డుకి తీసుకెళ్ళాడు.

సాయిబు పనిమంతుడే. కాని ఆయన ముందు నిలబెట్టింది ఖాళీ బండిని. కిందికి వంగి ఒక కన్ను మూసి చూశారు.

"బాగానే ఉంది గదయ్యా."

"లోడెక్కితే ఒరిగిపోతందండి సాయిబు గారూ. ఖాళీగా ఉంటే బుద్ధిగానే నిలబడతంది."

"అయితే పట్టీలు నీరసపడ్డాయి. కాల్చి కమాను ఎత్తేద్దాం."

మళ్ళీ కొలిమి, మళ్ళీ సుత్తి. వంపు వచ్చింది కాని, పాత బలం రాలేదు. పైగా మా కట్టలోకి లారీ పట్టీ ముక్క ఒకటి చొప్పించారు. అది ఎవరి మాటా వినని మొండిఘటం. దాంతో ఖాళీ బండి కుడివైపు ఒరిగేది, లోడు బండి ఎడమవైపు ఒరిగేది. అబ్బులు రోడ్లని తిట్టాడు, టైర్లని తిట్టాడు, దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టాడు. మంగ ఎప్పట్లాగే నీళ్ళు పట్టింది.

ఆ వేసవిలోనే నాకు పగులొచ్చింది. నన్ను ఇరుసుకి బిగించే క్లాంపు పక్కన, వెంట్రుకంత. గుంటలో పడ్డప్పుడల్లా అది కాస్త లోపలికి పాకేది. పైన మట్టి, మట్టి కింద గ్రీజు, గ్రీజు కింద సాయిబు పూసిన నల్లరంగు. ఎవరికి కనిపిస్తుంది? నేను విరిగితే ఇరుసు పక్కకి జరుగుతుంది, బండి చెప్పిన మాట వినదు. చదును నేల మీదైతే ఏ పొలంలోకో దిగుతుంది. అంతవరకే ఆలోచించి, అంతటితో భయాన్ని ఆపుకునేదాన్ని.

అప్పుడొచ్చింది పాడేరు బేరం. కొండ మీద కొత్తగా కడుతున్న అతిథి గృహం తోటకి పెద్ద సంచుల్లో ఎత్తు మొక్కలు కావాలట. నాటి చూపించడానికి మనిషి కూడా రావాలట. మంగ ఎగిరి గంతేసింది. తాను పెంచిన మొక్క ఎక్కడ పాతుకుంటుందో ఒక్కసారైనా చూడలేదావిడ. పులిహోర కట్టుకుంది, కొత్త చీర కట్టుకుంది, కేబిన్‌లో ఎడమవైపు, నాకు సరిగ్గా ముందు, కూర్చుంది. అంతకు ముందు నీళ్ళు మామూలుకన్నా ఎక్కువే పట్టింది, దూరాభారం కదా అని.

దారి పొడుగునా నేను పడిన బాధ పగవాళ్ళకి కూడా వద్దు. ముందున్నది ఘాట్ రోడ్డు, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. పగులు సగం దాకా వచ్చేసింది. లోపలినుంచి మంగ నవ్వు వినిపిస్తోంది. దేవుడా, ఈ ఇద్దరినీ నా మీద ఎందుకు పెట్టావు అనుకున్నాను.

మాడుగుల దాటాక, ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట, రోడ్డుకి కుడిపక్కనున్న టీ కొట్టు ముందు ఆగారు. అబ్బులు గ్లాసు పట్టుకుని రోడ్డుకి అవతల నీడలో గొంతుక్కూర్చున్నాడు. మంగ దిగి మొక్కల్ని చూసింది. గాలికి ఆకులు వేలాడుతున్నాయి. ఆవిడ ఊరుకుంటుందా? కొట్టువాణ్ణి బకెట్ అడిగి, పక్కనున్న కొండ ధార దగ్గర నింపుకొచ్చి, ఎడమవైపు నుంచే పోసింది. మళ్ళీ నింపింది, మళ్ళీ పోసింది.

ఇన్నేళ్ళలో మొదటిసారి అబ్బులు తన బండిని ఎడమ పక్కనుంచి, మంగ నీళ్ళు పోస్తుండగా చూశాడు. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య బెత్తెడు సందు. బకెట్ పోస్తే మూడు వేళ్ళు. ఇంకో బకెట్ పోస్తే రెండు వేళ్ళు. టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"మంగా, ఆపు."

"వాడిపోతన్నాయి మావా. ఇంకొక్క బకెట్."

"ఆపవే, ఇవతలికి రా."

అతని గొంతులో ఏదో విని ఆవిడ వెనక్కి జరిగింది, కాని చేతిలో బకెట్ అప్పటికే ఒంపేసింది. ఆ నీళ్ళు నేను మోయలేకపోయాను. ఠంగుమని విరిగిపోయాను. బండి ఎడమవైపు కూలబడింది. మొక్కలన్నీ ఒక్కసారి తలలూపి నిలబడ్డాయి.

అబ్బులు బండి కిందికి దూరి నన్ను తడిమాడు. విరిగిన చోట సగం మెరుస్తోంది, సగం తుప్పు పట్టి ఉంది. ఆ తుప్పు ఎన్నాళ్ళదో అతనికి అర్థమైంది. బయటికొచ్చి తలెత్తి చూశాడు. పైన ఎక్కడో మలుపులో ఆకాశానికి ఆనుకుని ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ తిరుగుతోంది. అక్కడే కూర్చుండిపోయాడు.

మంగ వచ్చి పక్కన కూర్చుంది. "నా నీళ్ళేనా మావా, ఇన్నాళ్ళూ?"

"నా తార్పాలిన్ కూడానే," అన్నాడు అబ్బులు.

నన్ను ఇన్నేళ్ళూ కుంగదీసిన నీళ్ళే ఆ రోజు వాళ్ళిద్దర్నీ కాపాడాయి. ఆ బకెట్ పడకపోతే నేను ఇంకాస్త దూరం ఓర్చుకునేదాన్నే. ఆ ఓర్పు తలుచుకుంటే ఇప్పటికీ నాకు దడ.

మొక్కలు వేరే బండిలో కొండెక్కాయి. వాటితో మంగ కూడా వెళ్ళి నాటి వచ్చింది. మా బండికి రెండు వైపులా కొత్త కట్టలు పడ్డాయి. సాయిబు నన్ను పాత ఇనుములో వేయబోతుంటే, "ఆ ముక్క నాకియ్యండి," అని మంగ అడిగి తీసుకుంది. మా పట్టీల ఉక్కు పదును నిలుపుతుందని అందరికీ తెలుసు. ఊళ్ళో కమ్మరి నన్ను కలుపు తీసే బొరిగెగా సాగదీశాడు. మూడోసారి కొలిమి. ఈసారి భయపడలేదంటే అబద్ధమే.

ఇప్పుడు మంగ చేతిలో మట్టి గుల్ల చేస్తుంటాను. నీళ్ళు ముందు రోజు సాయంత్రమే, మొక్కలు నేల మీద ఉండగానే పెడుతున్నారు. తార్పాలిన్ అడుగున కాదు, ఎండ తగలకుండా పైన కడుతున్నారు. అయినా లోడు ఎక్కాక మంగ ఒక పని చేస్తుంది. నన్ను కడిగి, ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నిలువుగా పెడుతుంది. అబ్బులు కేబిన్‌లోంచి తల బయటపెట్టి చూస్తుంటాడు. ఆ సందులో నేను పట్టేంత చోటుంటేనే బండి కదలాలి. పట్టకపోతే సంచులు దించాల్సిందే.

రోజూ ఆ సందులో నిలబడ్డప్పుడు నాకు గుండె దడదడలాడుతుంది. పైన బరువు మోస్తున్న కొత్త పట్టీ గట్టిగానే కనిపిస్తుంది. నేనూ అలాగే కనిపించేదాన్ని. అది కిర్రుమంటుందేమోనని చెవి ఒగ్గి వింటాను. వినిపించదు. నేను పట్టాను.

"ఎల్లు మావా," అంటుంది మంగ.