ఖాలీ కర్

జల్లెడ అటూ ఇటూ ఊగుతుంటే ఇసుక కిందికి దిగింది, పైన గులకరాళ్లు మిగిలాయి. ఈరవ్వ వాటిని ఎడమ అరచేతిలోకి వంచుకుంది. ఆ చేతికి బొటనవేలూ, చివరి రెండు వేళ్లూ మాత్రమే ఉన్నాయి. లేని వేళ్ల సందులోంచి రెండు రాళ్లు జారి మళ్లీ ఇసుకలో పడ్డాయి. ఆమె విసుక్కోలేదు. వంగి, తడిమి, రెండింటినీ వెతికి తీసి కొంగున వేసుకుంది.

ఠాణా వెనక వరండా ముందర ఉన్న నడుమెత్తు చెక్కపెట్టెలోది ఆ ఇసుక. పైన మూత లేదు. గస్తీ నుంచి వచ్చిన పోలీసులు తుపాకుల్లోంచి తూటాలు తీసేటప్పుడు మూతిని ఆ ఇసుకలోకి వంచాలి. పొరపాటున పేలినా గుండు ఇసుకలోనే దిగబడిపోతుంది. అందులో రాయి ఉంటే మాత్రం దానికి తగిలి ఎటైనా లేస్తుంది. అందుకే వారానికోసారి జల్లించాలి. వాన పడితే గట్టిపడుతుంది, తిరగేయాలి. పిల్లులు పాడుచేస్తాయి, పెంట తీసేసి గోనెపట్టా కప్పాలి. ఇవేవీ ఆమెకు ఎవరూ చెప్పిన పనులు కావు. ఊడవడం, నీళ్లు పట్టడం, లాకప్పు కడగడం, ఆమె జీతం వాటికే.

పన్నెండేళ్ల కింద ఆమె లింగంపేటలో బీడీలు చేసేది. వాడలో ఆమె చేతివేగం చూసి మిగతా ఆడవాళ్లు కుళ్లుకునేవాళ్లు. కరెంటు తీగ దొంగతనమని అనుమానించి మొగుడు గంగారాంను ఈ ఠాణాకు తెస్తే, అతనికి అన్నం గిన్నె పట్టుకొని వచ్చింది. వరండాలో ఒక కానిస్టేబులు తుపాకి తుడుస్తున్నాడు. ఖాళీదే అనుకున్నాడు. గిన్నె ఎగిరిపోయింది, గిన్నె అంచు పట్టుకున్న రెండు వేళ్లూ పోయాయి. గడ్డి కోసే మిషన్లో చెయ్యి పడిందని కాగితం రాసి ఆమె చేత వేలిముద్ర వేయించారు. గంగారాంను ఆ సాయంత్రమే వదిలిపెట్టారు. నెల తిరక్కముందే ఆమెకు ఠాణాలో ఊడ్చే పని ఇచ్చారు. ఆ చేత్తో ఇక బీడీల తునికాకు చుట్టడం కాదు, చీపురైతే పట్టగలదు. మరుసటేడు గంగారాం మగ్గాల పనికని భీమండి పోయాడు, మళ్లీ రాలేదు. కూతురు తారను ఆ చీపురు మీదే పెంచి లింగంపేటలోనే పెళ్లి చేసింది.

పెట్టె ఆమె వేళ్లు పోయాకే వచ్చింది. హెడ్డు కానిస్టేబులు వహీద్ చేయించాడు. గస్తీ పార్టీ రాగానే వరసగా నిలబెట్టి, 'ఖాలీ కర్' అని గట్టిగా అరిచేవాడు. తుపాకి ఖాళీ చేయమని.

"మూతి ఇసుకల పెట్టు. ఏలు ట్రిగ్గరుకు దూరం. ముందుగాల మ్యాగజైన్ తియ్. తర్వాత బోల్టు గుంజు. కండ్లతోని చూడు, చిటికెన ఏలు పెట్టి చూడు. ఇంకోపారి గుంజు. గప్పుడు నొక్కు."

చీపురు పట్టుకొని ఏళ్లతరబడి వినీ వినీ ఈరవ్వకు అది నోటికొచ్చింది. కళ్లు మూసుకున్నా తెలిసేది. మ్యాగజైన్ ఊడేటప్పుడు టక్కుమని చిన్న చప్పుడు. బోల్టు గుంజితే ఇనుము మీద ఇనుము జారే పొడుగు చప్పుడు. చిన్నది ముందు, పొడుగుది తర్వాత రావాలి. మ్యాగజైన్ ఉండగానే బోల్టు గుంజితే ఒక తూటా బయటపడుతుంది, ఖాళీ అయిందనిపిస్తుంది. బోల్టు ముందుకు తోయగానే అడుగునున్న ఇంకో తూటా వచ్చి కూర్చుంటుంది. ఆమె వేళ్లు పోయింది కూడా అట్లాగేనని వహీద్ ఒకసారి ఆమెకే వివరంగా చెప్పాడు.

అతను రిటైరై కామారెడ్డి వెళ్లిపోయాక ఆ వరస చెప్పేవాళ్లు లేకుండా పోయారు. ఊడుస్తూ ఈరవ్వే గొణిగేది. పోలీసులకు అది ఆటైంది. తోచనప్పుడు ఆమెను ఆవరణ నడుమ నిలబెట్టి, చీపురు భుజానికి ఆనించమని, 'ఖాలీ కర్' అని అరిచేవాళ్లు. ఆమె మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పేది. చిటికెన వేలు దగ్గరికి రాగానే ఎవడో ఒకడు, "గా చేతికి ఎన్ని వేళ్లున్నయవ్వా?" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందని మరో నాలుగు రోజులు ఏడిపిస్తారు.

ఆ రోజు ఎస్సై తొమ్మిదింటికే వచ్చాడు. కొత్తగా వచ్చి మూడు నెలలైంది. సాయంత్రం నాలుగింటికి పెద్దసారు తనిఖీకి వస్తున్నాడు. గేటు నుంచి మెట్ల దాకా ఇసుక పరిచి, రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్లు పేర్చాలని ఎస్సై అనుకున్నాడు. రాళ్లు వచ్చాయి, ఇసుక ట్రాక్టరు రాలేదు. నడుము మీద చేతులు పెట్టుకొని ఆవరణంతా తిరిగాడు. వెనక్కి వచ్చి పెట్టె దగ్గర ఆగాడు.

"దీంట్ల ఉన్నది తీసి పరువున్రి."

ఈరవ్వ జల్లెడ కింద పెట్టింది.

"సారూ, గది తుపాకుల ఇసుక. గది లేకుంటె పోరగాండ్లు ఏడ ఖాళీ చేస్తరు?"

"ఏడనో ఓ దిక్కు చేస్తరు. నీ మొగడు సంపాయించి పెట్టిండా?"

"ఒక్క పూట ఆగున్రి సారూ. నేనే వాగుకు పోయి, తొవ్వల పోసెటందుకు వేరే తెస్త."

"తెస్తవా?" ఎస్సై నవ్వాడు. "మంచిగైంది. తెచ్చి మళ్ల పెట్టె నింపుకో. ఇప్పుడైతే తియ్. నువ్వే తియ్."

ఆమే తీసింది. అప్పుడే జల్లించిన ఇసుకను బుట్టకెత్తుకొని గేటు దాకా మోసి, తన చేత్తోనే పరిచి, చీపురుతో చదును చేసింది. పదకొండింటికి పెట్టె అడుగు పలకలు బయటపడ్డాయి. దానికి ఎర్రటి, తెల్లటి పట్టీలు రంగు వేయించారు. ఎస్సై దూరంగా నిలబడి తృప్తిగా చూసుకున్నాడు.

"ఆరేదాక ఎవ్వడు ముట్టద్దు. గీత పడ్డదంటే తోలు తీస్త."

రైటర్ మార్కండేయ కిటికీ పక్క కూర్చొని రిజిస్టర్లు సరిచేస్తున్నాడు. ఠాణాలో రాతపని అంతా అతనిదే. ఈరవ్వ బుట్ట తీసుకొని వెనక గేటు వైపు నడుస్తుంటే పిలిచాడు.

"ఏందవ్వా, గీ ఎండల పోతవా? పన్నెండేండ్ల సంది ఒక్కటన్న పేలిందా?"

"పేలింది అయ్యా, రెండుమాట్ల. ఇసుకల పేలింది గాబట్టి నీకు ఎర్కలేదు."

వాగు ఠాణాకు మైలు దూరం. పొలం గట్ల మీదుగా వెళ్లాలి. యాసంగి నాట్లు అయిపోయాయి, గట్లు తడిగా జారుతున్నాయి. ఆమెకు యాభై దగ్గర పడుతున్నాయి. నడుము కుడివైపుకు ఒరిగిపోయింది, మడమల పగుళ్లలో లాకప్పు కడిగే ఫినాయిల్ మంట ఎప్పుడూ ఉంటుంది. బుట్ట నెత్తికెత్తేవాళ్లు వాగులో ఎవరూ లేరు. నెత్తిన పేలికల చుట్టబట్ట సర్దుకొని, బుట్టను మోకాలి మీదికి తెచ్చుకొని, అక్కడి నుంచి రొమ్ముకు ఆనించి, ఒక్క ఊపున తలకెత్తుకుంది. రెండుసార్లు తెచ్చి, రంగుకు తగలకుండా దూరం నుంచే వంచి పోసింది. అడుగు పలకలు కూడా ఇంకా మునగలేదు. రొట్టె ముక్క నోట్లో వేసుకొని మూడోసారి వెళ్లింది.

ఆమె వాగులో ఉండగా గస్తీ పార్టీ తిరిగొచ్చింది. గాంధారి వైపు తండాల్లో రెండు రోజులు నడిచి, నిద్ర లేక అందరి కళ్లూ ఎర్రబడ్డాయి. మూడున్నరకల్లా తుపాకులు తుడిచి స్టాండులో నిలబెట్టాలని ఎస్సై కేక పెట్టాడు. మిగతావాళ్లు స్నానాలకు పోయారు. సిద్దిరాములు ఒక్కడు అలవాటు కొద్దీ పెట్టె దగ్గరికి వచ్చాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. తుపాకి వంచబోయాడు.

"రంగు! రంగురా గాడిదా!" కిటికీలోంచి ఎస్సై అరిచాడు.

సిద్దిరాములు వెనక్కి జరిగి, వరండా మెట్ల మీద కూలబడ్డాడు. మూతిని ఎవరూ లేని ప్రహరీ గోడ వైపు పెట్టుకున్నాడు. పక్కన నూనె గుడ్డ పెట్టుకొని, ఆవులిస్తూ బోల్టు గుంజాడు.

ఈరవ్వ అప్పుడే వెనక గేటులో కాలు పెట్టింది. ముందుగా పొడుగు చప్పుడు వినబడింది. రాతి మెట్ల మీద తూటా ఒకటి దొర్లింది. మళ్లీ పొడుగు చప్పుడు. చిన్న చప్పుడు కోసం ఆమె ఆగింది. అది రాలేదు.

"బిడ్డా, మ్యాగజైన్ తియ్యలే నువ్వు!"

సిద్దిరాములు ఉలిక్కిపడి పిలిచిన వైపు తిరిగాడు. తలతో పాటు భుజం తిరిగింది, భుజంతో పాటు తుపాకి తిరిగింది. వేలు ట్రిగ్గరు మీదే ఉంది.

బుట్ట ముందుకు బోర్లా పడింది. ఈరవ్వ పడలేదు. అలసిపోయి కూర్చునే మనిషిలా గేటు స్తంభం పట్టుకొని మెల్లగా కూర్చుంది. పక్కటెముకల కింద చీర నల్లగా తడుస్తోంది.

సిద్దిరాములు తుపాకి వదిలేసి, "అవ్వా, అవ్వా" అంటూ ఆమె కాళ్ల దగ్గర పడ్డాడు. ఎస్సై వచ్చి ముందు ఆమెను, తర్వాత చేతి గడియారాన్ని చూశాడు. మూడుంబావు దాటింది.

"జీపు తియ్యమంటరా సార్?" మార్కండేయ అడిగాడు.

"ఇప్పుడే కడిగిన్రు జీపు. తొవ్వల పెద్దసారు ఎదురైతే ఏమని చెప్తవ్? ఎల్లారెడ్డి ఊర్లకు మనిషిని పంపి ఆటో పిలిపియ్యి. అందాక షెడ్డుల పండవెట్టున్రి."

వెనక షెడ్డులో పట్టుబడిన సైకిళ్లుంటాయి. వాటిని పక్కకు నెట్టి, కింద సంచులు వేసి పడుకోబెట్టారు. గేటు దగ్గర నెత్తురు మీద మట్టి పోశారు. సిద్దిరాములును లేపి, ముఖం కడిగించి, బట్టలు మార్చుకొని రమ్మన్నారు. తుపాకిని ఎవరో పైపైన తుడిచి స్టాండులో నిలబెట్టారు.

మార్కండేయ గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఆమె తాగలేదు. పెదవులు కదులుతుంటే అతను వంగాడు.

"తీసిండా?"

"ఏందవ్వా?"

"మ్యాగజైన్. తీసిండా పోరడు?"

"తీసిండు," అన్నాడు మార్కండేయ. అతను చూడలేదు. ఆమె కళ్లు మూసుకుంది. బయట జీపు హారన్ వినబడి, అతను గ్లాసు ఆమె చేతికి అందేంత దగ్గరగా పెట్టి, షెడ్డు తలుపు దగ్గరగా వేసి పరుగెత్తాడు.

పెద్దసారు మెత్తటి ఇసుక మీద నడుస్తూ లోపలికి వచ్చాడు. రిజిస్టర్లు చూశాడు, లాకప్పు చూశాడు. వెనక వరండాలోకి వచ్చి ఎర్రటి, తెల్లటి పట్టీల పెట్టె ముందు ఆగాడు.

"మంచి పని చేసిన్రు. వేరే ఠాణాలల్ల గిది లేనే లేదు," అన్నాడు.

ఎస్సై సెల్యూట్ చేశాడు. వరసలో సిద్దిరాములు ఎర్రబడ్డ కళ్లతో సెల్యూట్ మరిచి నిలబడితే పెద్దసారు అతని ముందు నిలబడి చూశాడు.

"జ్వరమా ఏంది?"

"గస్తీ నుంచి ఇప్పుడే వచ్చిండు సార్. నిద్ర లేదు," ఎస్సై చెప్పాడు.

"పండుకోనియ్యండి పాపం," అని పెద్దసారు చాయ్ తాగడానికి లోపలికి వెళ్లాడు. చాయ్ తర్వాత వానల గురించి, బదిలీల గురించి మాట్లాడుతూ గంటసేపు కూర్చున్నాడు.

అయిదున్నరకు జీపు వెళ్లిపోయాక మార్కండేయ షెడ్డు తలుపు తీశాడు. గ్లాసులో నీళ్లు ఎట్లా పోసినవి అట్లాగే ఉన్నాయి. ఈరవ్వ ముఖం గోడ వైపు తిరిగి ఉంది. చీమలు అప్పటికే వచ్చాయి.

అతను వెళ్లి బల్ల ముందు కూర్చున్నాడు. ఎస్సై చెబుతుంటే రాశాడు. సిబ్బంది ఆయుధాలు శుభ్రపరిచే సమయంలో, హెచ్చరించినా వినకుండా, ఊడ్చే మనిషి అడ్డంగా వచ్చినందున అని. 'హెచ్చరించినా' దగ్గర అతని కలం ఆగింది. ఎస్సై అతని వైపు చూశాడు. కలం మళ్లీ నడిచింది.

చీకటి పడుతుండగా కబురు అంది తార వచ్చింది. చంకలో పిల్ల, వేళ్లకు ఇంకా బీడీల తంబాకు వాసన. తల్లి ముఖం మీది కొంగు తీసి చూసింది, మళ్లీ కప్పింది.

"ఎంతసేపు బతికింది సారూ?"

"తగలంగనే పాయె," అన్నాడు ఎస్సై. "ఏం తెల్వలే ఆమెకు."

తార మార్కండేయ వైపు చూసింది. అతను సిరాబుడ్డి మూత తిప్పుతూ కూర్చున్నాడు. ఆమెకు చదువు వచ్చు. కాగితం దీపం దగ్గరికి తీసుకొని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రెండు వరసలు చదివింది. ఎస్సై వేలు కాగితం అడుగున ఆనింది.

"ఆడ పెట్టు సంతకం. నువ్వు పెడితేనే శవాన్ని ఇచ్చేది."

పిల్ల ఏడుపు అందుకుంది. తార పిల్లను ఇంకో చంకకు మార్చుకొని సంతకం పెట్టింది.

మధ్యాహ్నం పిలిపించిన ఆటో అప్పుడొచ్చింది. ఈరవ్వను అందులోకి ఎక్కించారు. కాళ్లు బయటికి వస్తుంటే సిద్దిరాములు వాటిని మడిచి లోపలికి పెట్టాడు. తార తల్లి తలను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఆటో లింగంపేట వైపు తిరిగింది.

వెనక గేటు దగ్గర, బోర్లాపడిన బుట్టకు జానెడు దూరంలో, పాత లంగా పేలికలతో చుట్టిన చుట్టబట్ట పడి ఉంది. బరువుకు అణిగి, నడుమ గుంటపడి, ఇంకా ఒక తల పట్టేంత గుండ్రంగా.