ఇమాం అడిగిన పేరు

2001లో ఫ్రాన్సు పార్లమెంటు ఆ చట్టం చేసిన వారం మా ఊళ్లో అందరికీ ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. 1915లో ఈ నేల మీద ఆర్మేనియన్లను జాతి మొత్తంగా తుడిచిపెట్టారని ఎక్కడో పారిస్‌లో కూర్చుని తీర్మానించారట. ఇంకేముంది, టీ కొట్లో ఫ్రెంచి సిగరెట్ లైటర్లను కాలి కింద వేసి తొక్కారు. మందుల షాపువాడు ఫ్రెంచి షాంపూ సీసాలను వెనక గదిలోకి సర్దేసి, ఆ సంగతి అట్ట మీద రాసి తలుపుకి కట్టాడు. ఆ షాంపూ అంతకుముందు ఎవరు కొన్నారో నాకైతే తెలియదు.

టర్కీలో, మలాత్యా కొండల కింద ఆప్రికాట్లు పండించుకునే చిన్న ఊరు మాది. సభ పెట్టాలంటే ఉన్నది ఒక్క పెళ్లిళ్ల హాలు. సిమెంటు వ్యాపారి, దేశభక్తుల సంఘం అధ్యక్షుడు నెజ్మెత్తిన్ అక్కడే సభ ఏర్పాటు చేశాడు. అంతకు ముందు రోజు పెళ్లికి అతికించిన కాగితం పూలు పీకడానికి తీరిక లేక వాటి మీదే జెండా కట్టారు. ముఖ్య వక్త షెవ్‌కెత్ మాస్టారు. హైస్కూల్లో చరిత్ర చెప్పి చెప్పి రిటైరైన మనిషి. నెజ్మెత్తిన్‌తో సహా ఊళ్లో సగం మంది ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్లే.

షెవ్‌కెత్ బాగా మాట్లాడాడు. అదే నా బాధ. నత్తినత్తిగా మాట్లాడి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

"వాళ్లు వెళ్లిపోయారు," అన్నాడు మైకులో. "యుద్ధకాలం. దారిలో చలి, ఆకలి, జబ్బులు. అటూ పోయారు, ఇటూ పోయారు. మన ఊళ్లో ఎవరూ ఎవరినీ చంపలేదు. అనుమానముంటే మీ ఇళ్లలో ముసలివాళ్లనే అడగండి!"

చప్పట్లతో హాలు అదిరిపోయింది. సాయంత్రం మలాత్యా టీవీలో కూడా చూపించారు.

ఆయన ఇంట్లోనూ ఒక ముసలావిడ ఉంది. ఆవిణ్ణి మాత్రం ఆయన ఎన్నడూ ఏమీ అడగలేదు.

తొంభై దాటిన ఆ తల్లి, నఫియె, పొయ్యి పక్కన కూర్చుని కొడుకు ఉపన్యాసం ఆసాంతం చూసింది. మర్నాడు పొద్దున పళ్లెంలో పప్పు ఏరుకుంటూ, "బాగా మాట్లాడావురా నాయనా. గొంతు అచ్చం మీ నాన్నదే," అంది.

"అవన్నీ నీకెందుకమ్మా? మందు వేసుకున్నావా?"

"వెళ్లిపోయారన్నావు చూడు. మా అమ్మ చెప్పులు కూడా వేసుకోలేదురా."

షెవ్‌కెత్ లేచి మందుల డబ్బా వెతకసాగాడు. తల్లి ఎక్కడి పిల్లో ఆయనకు తెలియక కాదు. ఊరి మీదుగా తోలుకుపోతున్న ఆర్మేనియన్ల గుంపులోంచి అయిదారేళ్ల పిల్లను ఆయన తాత ఇంటికి తెచ్చుకున్నాడు, నఫియె అని పేరు పెట్టాడు, నమాజు నేర్పించాడు, పెద్దయ్యాక కొడుక్కిచ్చి చేశాడు. ఈ సంగతి షెవ్‌కెత్‌కి ఇంట్లోవాళ్లు చెప్పలేదు, వీధి చెప్పింది. చిన్నప్పుడు బంతాటలో గొడవ వస్తే ఒకడు "పోరా, కత్తికి మిగిలినదాని కొడకా" అన్నాడు. ఆ నరికివేతలో చావకుండా మిగిలినవాళ్లకు మా వైపు తిట్టు అది. ఏడుస్తూ ఇంటికొస్తే తల్లి మొహం కడిగి, "ఎవరితోనూ అనకు" అంది, అంతే. ఆ ఒక్క మాటా ఆయన జన్మంతా తు.చ. తప్పకుండా పాటించాడు. పాటించీ పాటించీ చివరికి మైకు ముందు నిలబడ్డాడు.

"బెదిరిపోకు," అంది నఫియె. "నాకు చర్చీ వద్దు, పాదిరీ వద్దు. ఇన్నేళ్లూ అయిదు పూటలా నమాజు చేశాను, ముసల్మానుగానే పోతాను. ఒక్కటే అడుగుతా. పూడ్చాక ఇమాం గోరీ దగ్గర నిలబడి పిలుస్తాడు కదా, ఫలానా తల్లి కూతురా అని. ముందు నిన్ను తల్లి పేరు అడుగుతాడు. తెలియనివాళ్లు హవ్వ అని చెప్పేస్తారు, లోకానికంతటికీ తల్లి ఆవిడే కదా అని. నాకు హవ్వ వద్దురా. నాకు తల్లి ఉంది. వర్తుహి. ఏదీ, నువ్వను."

"అమ్మా, ఇప్పుడెందుకూ..."

"అనరా."

"వర్తుహి," అని గొణిగాడు.

ముసలావిడ చేతిలో పప్పు ఆగిపోయింది. "ఆ పేరు ఇంకొకరి నోట విని ఎన్నాళ్లయిందో," అంది. "చెప్తావుగా మరి?"

"చెప్తానమ్మా."

మాట తప్పాలని మాటిచ్చినవాడు కాదు. అది మాత్రం ఆయన పక్షాన చెప్పాలి.

చెట్లు పూతకొచ్చే ముందే, మంచు కరుగుతున్న రోజుల్లో నఫియె పోయింది. మాస్టారి తల్లి కదా, ఊరు ఊరంతా కదిలొచ్చింది. పాడెకు ఒక పక్క నెజ్మెత్తిన్ భుజం పట్టాడు, ఇంకో పక్క ఎండు ఆప్రికాట్ల వ్యాపారి దుర్సున్ ఆగా. ఊళ్లో అందరికన్నా డబ్బున్నవాడూ, అందరికన్నా తక్కువ మాట్లాడేవాడూ ఈయనే. మా వైపు ఆడవాళ్లు గోరీ దాకా రారు. చెల్లెలు ముకద్దెస్ గుమ్మం దగ్గరే ఆగిపోయి, "అన్నయ్యా, అమ్మ చెప్పింది గుర్తుందిగా?" అంది. షెవ్‌కెత్ తలూపాడు.

మట్టి పోయడం అయింది. ఇమాం కొత్తగా వచ్చిన కుర్రవాడు, నల్ల సముద్రం వైపు మనిషి. మా ఊరి లోగుట్లు ఏవీ అతనికి తెలియవు. చేతులు దులుపుకుని, అందరికీ వినపడేలా, "ఆవిడ తల్లిగారి పేరు మాస్టారూ?" అన్నాడు.

షెవ్‌కెత్ నోరు తెరిచాడు. పేరు నాలుక మీదే ఉంది. పారకి ఆనుకుని నెజ్మెత్తిన్ నిలబడి ఉన్నాడు. వాడి వెనక సంఘం వాళ్లు, వాళ్ల వెనక తాను చదువు చెప్పిన పిల్లలూ, వాళ్ల పిల్లలూ. అందరూ టీవీలో తనను చూసినవాళ్లే.

"హవ్వ," అన్నాడు.

ఇమాం అమాయకుడు. పని సరిగ్గా చెయ్యాలన్న తాపత్రయం. "ఆవిడ పేరు నిజంగానే హవ్వేనా అండీ, లేకపోతే పేరు తెలీదా?" అని మళ్లీ అడిగాడు. ఎంత మందికి దొరుకుతుంది ఇలా రెండో అవకాశం!

"తెలీదు," అన్నాడు షెవ్‌కెత్.

జనం నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఇమాం మట్టి మీదికి వంగి, "హవ్వ కూతురా నఫియె," అని పిలిచాడు. తడి మట్టి కింద తల్లి ఆ పిలుపు విని, తనను కాదనుకుని ఊరుకుంటుందేమో అనిపించింది షెవ్‌కెత్‌కి. గోరీ వైపు ఒకడుగు వేశాడు. దుఃఖం అనుకుని పక్కవాళ్లు రెక్కలు పట్టుకున్నారు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో ముకద్దెస్ పెద్ద బాణలిలో నెయ్యి వేసి రవ్వ వేయిస్తోంది. చావు ఇంట్లో హల్వా చేసి, పోయినవాళ్ల పేరు చెప్పి అందరికీ పెట్టడం మా ఆనవాయితీ. ముందు గదిలో మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు.

"పిలిచాడా?" అంది తలెత్తకుండా.

"పిలిచాడు."

"ఏ పేరుతో?"

షెవ్‌కెత్ ముందు గది వైపు చూశాడు. చెల్లెలికి అర్థమైపోయింది. గరిటె ఆగింది. రవ్వ మాడు వాసన వచ్చేదాకా అలాగే నిలబడి, గబగబా మళ్లీ కలిపింది.

"హవ్వా?"

"అందరూ ఉన్నారే. నెజ్మెత్తిన్ ఉన్నాడు. నేనేం చెయ్యనూ?"

"నువ్వేం చేస్తావులే పాపం, మాస్టారివి. అమ్మ తన తల్లి పేరు చెప్పింది కదా నీకు?"

"చెప్పింది."

"నాకు చెప్పలేదు. ఆడవాళ్లు గోరీ దగ్గరకి వస్తారా ఏంటి, నీకెందుకే, అన్నయ్య చూసుకుంటాడు అంది. నాకు అరవై ఏళ్లొచ్చాయి. మన అమ్మమ్మ పేరేంటో ఇప్పుడైనా చెప్పు."

ముందు గదికి వినపడకుండా చెవి దగ్గరకొచ్చి చెప్పాడు. "వర్తుహి," అని ముకద్దెస్ రెండు మూడు సార్లు అనుకుంది. కళ్లు తుడుచుకుంది. అన్నను తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకనిపించింది. ఆవిడ హల్వా పళ్లేలు సర్దుకుని, పెద్ద ట్రే ఎత్తుకుని ముందు గదిలోకి నడిచింది.

"తినండయ్యా," అంది. "వర్తుహి కూతురు నఫియె పేరు మీద."

ట్రే వైపు చాచిన చేతులు ఆగిపోయాయి. వెనకే వచ్చిన షెవ్‌కెత్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరి కూతురన్నావు పిన్నీ?" అన్నాడు నెజ్మెత్తిన్.

"వర్తుహి. మా అమ్మమ్మ నాయనా. ఆర్మేనియన్." పళ్లెం వాడి చేతికిచ్చింది.

నెజ్మెత్తిన్ పళ్లెం వంక చూశాడు, మాస్టారి వంక చూశాడు. "నాకు షుగరు పిన్నీ," అని పళ్లెం స్టూలు మీద పెట్టి వెళ్లిపోయాడు. వాడి వెనక ఇంకొకడు లేచాడు. మిగిలినవాళ్లు తలలొంచుకుని తినసాగారు. అంతే. చిన్నప్పట్నుంచీ షెవ్‌కెత్ ప్రాణాలు అరచేత పట్టుకుని ఎదురుచూసిన ప్రళయం ఇంత మాత్రమే.

ఇమాం నోట్లో హల్వాతోనే, "అయ్యో, పేరు తెలుసా మాస్టారూ? అప్పుడే అని ఉంటే అలాగే పిలిచేవాణ్ణి కదండీ. అందులో ఏముంది?" అన్నాడు.

"ఇప్పుడు పదండి," అన్నాడు షెవ్‌కెత్. "మళ్లీ పిలుద్దురుగాని. నేనే గట్టిగా చెప్తాను."

"అది ఒక్కసారేనండీ. ఇంక మనం దువా చేసుకోవడమే."

అందరూ వెళ్లిపోయాక దుర్సున్ ఆగా మిగిలాడు. గుమ్మంలో బూట్లు వేసుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. సాయం చెయ్యడానికి షెవ్‌కెత్ వంగాడు.

"మా అమ్మకీ హవ్వ అనే చెప్పాం," అన్నాడు దుర్సున్ నెమ్మదిగా. "అమ్మమ్మ అసలు పేరు మాకు తెలీదు. భయమేసి అడగలేదు."

షెవ్‌కెత్ ఆయన బూటు తాడు ముడివేశాడు.

"ఆ వేళ పెళ్లిళ్ల హాల్లో ముందు వరసలో కూర్చున్నాను. చూశారా?"

"చూశాను ఆగా."

"మీ అమ్మగారి సంగతి నాకు తెలుసు మాస్టారూ. చదువుకున్నవారు, మీరు చెప్తారేమోననుకున్నా. మీరు చెప్తే నేనూ లేచి చెబుదామని వచ్చాను."

"మీరు చప్పట్లు కొట్టారు కదా ఆగా."

"అందరూ కొట్టారుగా," అన్నాడు దుర్సున్. "నేనూ కొట్టాను."