నాలుగు లెక్కపెట్టేంత సేపు

ఇంకా పందొమ్మిది అక్షరాల చోటు కావాలి, పందొమ్మిదంటే పందొమ్మిదే, ఎవరూ కాపీ చెయ్యకుండా ఆటకి వేసిన తాళం ఊడింది, గెంతుతూ పోయే బొమ్మ ఎక్కడా చిక్కుకోవడం లేదు, ఆట మొదలయ్యే ముందు తమ ముఠా పేరు మెరిసే ఆ అర నిమిషపు తెరే మెమరీలో పట్టక కాళ్లు బయటికి చాపుకుని కూర్చుంది, అనుకుంటూ ఎస్బెన్ గోళ్లు కొరుక్కున్నాడు, పొద్దుటి నుంచి కొరుకుతూనే ఉన్నాడు, నాలుగింటికి ముఠాలోని టోర్బెన్ మోపెడ్ మీద వచ్చి డిస్కు పట్టుకుపోతాడు, సాయంత్రం ఆర్హుస్‌లో ఇలాంటి ముఠాలన్నీ కలుస్తాయి, బడి వ్యాయామశాల నిండా కంప్యూటర్లు, హాలండ్ ముఠా వాళ్లూ ఇదే ఆట తాళం విప్పి తెస్తున్నారట, ఎవరిది ముందు తెర మీద పడితే వాళ్లదే పేరు, పేరు తప్ప ఇందులో దక్కేదేముంది, ఎవరో కష్టపడి చేసిన ఆటని అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు పంచిపెట్టి కింద తమ పేరు రాసుకోవడం, ఆ పేరు కోసమే కదా పదిహేడేళ్ల వయసులో శనివారపు ఎండని కిటికీ అవతలే వదిలేశాడు.

వాడి పేరు లేపెయ్‌రా అన్నాడు టోర్బెన్ పొద్దున ఫోన్లో, ముఠా వదిలినోడికి తెర మీద చోటు లేదు, అది రూలు, రాసింది నువ్వేగా, అవును తనే రాశాడు, సంగీతం పెడల్ అని ఉన్న వరుస, పెడల్ అంటే గోర్మ్ తెర మీద పెట్టుకున్న మారుపేరు, చర్చిలో ఆర్గాన్ వాయించే ఆయన కొడుకు, ఆ వరుస ఖాళీలతో కలిపి సరిగ్గా పందొమ్మిది, దేవుడే లెక్క చూసి ఇచ్చినట్టు, కొట్టేస్తే అయిపోతుంది, కానీ పాట వాడిదే కదా, ఇదిగో మోగుతూనే ఉంది, ఒకేసారి మూడు గొంతులే పలికే ఈ కంప్యూటర్లోంచి కింది గొంతు నడుస్తోంది, పై గొంతు మెట్లెక్కుతోంది, చివరి మెట్టు మీద అంతా ఆగిపోతుంది, నాలుగు లెక్కపెట్టేంత సేపు ఏమీ లేదు, మళ్లీ మొదలు, ఆ ఏమీ లేకపోవడానికి కూడా మెమరీలో చోటు కావాలి, పోయిన ఆటకి చేసిన తెరలో తన గొప్పలు పట్టక దాన్నే కత్తిరించాడు, ఖాళీయే కదా అన్నాడు, గోర్మ్ బల్ల అంచు మీద వేలు ఆనించి విన్నాడు, ఒకటి, అంతే, వేలు అక్కడే ఆగింది, మా నాన్న చరణానికీ చరణానికీ మధ్య ఆగుతాడురా, పాడేది ముసలాళ్లు, ఊపిరి తీసుకోవాలిగా, కంప్యూటర్‌కి ఊపిరెందుకురా అని తను పగలబడి నవ్వాడు, వాడు నవ్వలేదు, వినేవాడికి కావాలి అని కోటు తగిలించుకున్నాడు, రెండు వారాలకి వాడి పేరు వేరే ముఠా తెర మీద కనబడింది, ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి, పోనీ, ఎవడికి కావాలి.

ఎస్బెన్, రొట్టె ఎండిపోతోంది, దిగుతావా లేదా అని కింద నుంచి అమ్మ, ఆ పాట గోర్మ్‌ది కదూ, ఈమధ్య కనబడడేం, ఏమో అమ్మా, పనులున్నాయేమో, అయ్యో, వాడొస్తాడని బీట్‌రూట్ రెండు సీసాలు ఊరేశాను, నువ్వేమో ముట్టుకోవు.

మోపెడ్ చప్పుడు సందు మలుపు తిరిగింది, ఇక కొట్టెయ్యగలిగినవి మూడే, వాడి పేరు, వాడి పాటలో ఖాళీ, లేదంటే తాళం విప్పింది స్ప్లింట్ అనే తన వరుస, అదీ పందొమ్మిదికి తగ్గదు, వేళ్లు అప్పటికే తన వరుస మీద ఉన్నాయి, ఒక్కో అక్షరం చెరుగుతుంటే పన్ను పీకించుకున్నంత బాధేసింది, డ్రైవు గరగరలాడి డిస్కు మీద రాసేసింది, టోర్బెన్ హెల్మెట్ తియ్యకుండానే తెర చదివాడు, నీ పేరేదిరా, పట్టలేదు, వాడిదెలా పట్టింది, పాట వాడిదిరా, మరి రూలు, నేనే రాశా నేనే కొట్టేశా, ఇందుకు నిన్ను ముఠాలోంచి తీసేస్తారు తెలుసా, తెలుసు, మరి ఎవడు విప్పాడని అడిగితే ఏం చెప్పను, దయ్యం విప్పిందని చెప్పు, టోర్బెన్ గడియారం చూసి తిట్టుకుంటూ డిస్కు జేబులో పెట్టుకున్నాడు, పాట చివరి మెట్టెక్కి ఆగింది, ఒకటి, రెండు, బల్ల అంచు మీద లెక్కపెడుతున్న వేలు తనదే, మూడు, పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు, నాలుగు, గోర్మ్ ముఠాని వదిలి వెళ్లలేదు, వాడికి కావలసిన ఇంత సేపు కూడా ఇవ్వకుండా తనే వెళ్లగొట్టాడు, వాడు ఈ సాయంత్రం ఆ హాల్లోనే ఉంటాడు, ఈ పాట మోగితే వేలు ఆనించి లెక్కపెడతాడు, ఉండరా టోర్బెన్, నేనూ వస్తున్నా, అమ్మా, ఆ బీట్‌రూట్ సీసా ఒకటి ఇటివ్వు.