రెండో ఈరన్న

ఆర్నెల్ల డేటాబేస్ పాఠాన్ని విశ్వవిద్యాలయంలో ఒక్క వేసవి సెలవుల్లోనే చెప్పేశారు. ఆఖరి పరీక్ష తప్పితే ఎమ్మిగనూరు పక్కన మా చిన్న నేత సంఘంలో నా గుమాస్తా పని పోతుంది. భార్య పోయాక పాపకు నేనే దిక్కు.

పరీక్షలో మా నేతగాళ్ల వివరాలే ఎక్కిస్తూ, ఏ ఇద్దరికీ ఒకటే ఉండకూడని గుర్తుగా పేరును పెట్టాను. కంప్యూటర్ రెండో ఈరన్నను ఒప్పుకోలేదు. ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకోని ఇల్లు మా వైపు లేదు.

పక్క కుర్చీలోని ఆదోని గులాం మొహిద్దీన్ గుసగుసగా అన్నాడు. "ఏమన్నా, మీ ఊర్లో ఈరన్న ఒక్కడే ఉండాడా? మగ్గాలకు నంబర్లుండాయి గదా."

అంతా చెరిపి, మగ్గం నంబరును గుర్తుగా పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. తొందరలో తప్పులు పడ్డాయి. ఇంతలో గంట కొట్టారు. పాఠం చెప్పిన సారు ఒక్కో కంప్యూటరూ ఆపుకుంటూ వచ్చి, నా స్విచ్ మీద చెయ్యి పెట్టి ఆగారు. తర్వాత దాన్ని ఆపకుండానే కుర్చీ లాక్కుని, నేను ముగించేదాకా పక్కనే కూర్చున్నారు.