ఎవరి కూత ఆగింది

చెడుగుడు ఆటలో విజిల్ పట్టుకున్నవాడు ముఖ్యంగా వినవలసింది ఒక్కటే. కూతకు వెళ్ళినవాడు గుక్క తిప్పుకోకుండా "చెడుగుడు చెడుగుడు" అంటున్నాడా లేదా అని. ఆపితే ఔట్. తిరువూరులో ఆ ఒక్కటీ వినపడదు. కొడుకు కూతకు వెళ్తే గీత బయట తండ్రి కూడా కూత పెడతాడు. పిల్లవాడికి సాయమట.

1975లో నేను అక్కడ టెంపరరీ మాస్టర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. నా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించే కాగితం మీద ఆట అయ్యాక సంతకం పెడతానని స్కూలు కమిటీ ప్రెసిడెంటు బసవపున్నయ్యగారు చెప్పారు. ఆడేది మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు. విజిల్ నా చేతిలో. ప్రెసిడెంటుగారబ్బాయి జగన్నాథరావు మూడో తరగతి.

మా ఊరు వినగడప నుంచి మా నాన్న శౌరయ్య కూడా వచ్చాడు. ఆడేవాళ్ళలో ఆయన పిల్లలెవరూ లేరు. నా తరఫున అరవడానికి వచ్చాడు. నేను విజిల్ వేసినప్పుడల్లా "అదీ బియ్యే దెబ్బంటే" అంటున్నాడు.

ఆట మొదట్లోనే ఒక తల్లికి చెప్పి చూశాను. "సుబ్బాయమ్మగారూ, మీరు కూత పెట్టకూడదండి."

"వాడికి జలుబు మాస్టారూ. సగం వాడంటాడు, సగం నేనంటా."

రెండు జట్లూ పన్నెండేసి పాయింట్ల దగ్గరుండగా జగన్నాథరావు ఆఖరి కూతకు వెళ్ళాడు. బసవపున్నయ్యగారు పంచె ఎగగట్టి గీత వెంట పరుగెడుతూ కూత అందుకున్నారు. కుర్రవాడు ఇద్దరిని తాకి వెనక్కి తిరిగేసరికి కూత ఆగింది. ఔటిచ్చాను.

"ఏంటయ్యా ఔటు? మావాడు ఆపలేదు."

"నాకు వినపడిన కూత ఆగిందండి."

"అది నాదయ్యా. ఆయాసమొచ్చి ఆపా. నాకు యాభై రెండేళ్ళు."

కాగితం గుర్తొచ్చింది. అయినా పిల్లవాడి కూత నేను వినలేదు. వినంది విన్నానని ఎలా చెప్పను?

"ఈ కూత చెల్లదండి. అబ్బాయి మళ్ళీ వెళ్తాడు. ఇంతవరకు అరిచిన పెద్దలంతా ఔటైన పిల్లల వరుసలో కూర్చోవాలి. మీరు కూడా."

"అట్టా చెప్పరా అబ్బాయ్," అన్నాడు మా నాన్న.

"నాన్నా, నువ్వూ కూర్చో."

"నేను కూత పెట్టలేదు గదరా."

"అరిచావుగా."

పెద్దలంతా మట్టిలో వరసగా కూర్చున్నారు. జగన్నాథరావు కూత మొదటిసారి వినపడింది, దోమ పాడినట్టు. ఆపకుండానే వెళ్ళాడు, ఎవరినీ తాకకుండా తిరిగొచ్చాడు. ఆట సమానం. పిల్లలు మంచినీళ్ళకు పరుగెత్తారు. రెండు వైపుల పెద్దలూ నన్ను సమానంగా తిట్టుకున్నారు.

బసవపున్నయ్యగారు కాగితం ముందు పెట్టుకున్నారు గాని కలం మూత తియ్యలేదు.

"మూడో తరగతి పిల్లల పక్కన నన్ను మట్టిలో కూర్చోబెట్టావు."

"అవునండి."

"మీ నాన్నని తెచ్చి నా పక్కనే కూర్చోబెట్టావు. కూర్చున్నా ఊరుకున్నాడా? నీ మార్కులన్నీ చెవిలో చెప్పాడు. లెక్కల్లో ముప్ఫయ్యారంట గదా?"

"అవునండి."

"కన్నతండ్రినే వదల్లేదు, ఇంక నన్నేం వదుల్తావులే," అంటూ సంతకం పెట్టారు.

మా నాన్న మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.