చెప్పని చీల, చూడని బావ

పెద్ద వరద వచ్చి వంతెనను పుల్లలా విరిచి ఎత్తుకుపోయిన మరుసటి ఏడు అది. ఏటికి ఇవతల బడి, అవతల ఆసుపత్రి, మధ్యన నీళ్లు. ఎవరిని కదిపినా ఒకటే ప్రశ్న: "పడవ ఎప్పుడు?"

ఆ పడవ రేవు పక్కన కొట్టంలో తయారవుతోంది. ఇంత పెద్దది అక్కడెవరూ చూడలేదు, అరవై మంది ఎక్కొచ్చు. చేస్తున్నవాళ్లు బావా బావమరిదీ. బావను జనం రేడియో అనేవారు. తెల్లారి మొదలైతే పడుకునేదాకా మోగేవాడు, ఆపడానికి మీట కూడా లేదు. బావమరిదిని రాయి అనేవారు. బెల్లం కొట్టిన రాయి అని అసలు పేరు. పిలవడానికి పొడుగైందని కురచ చేశారు.

రేడియో కలప బేరమాడతాడు, రేవు సంఘం వాళ్లను మాటల్తో ముంచుతాడు, కూలీలను నవ్విస్తూ దుంగలు ఎత్తిస్తాడు. రాయి కొలుస్తాడు, చెక్కుతాడు, బల్లల సందుల్లో నార కూరి తారు పూస్తాడు. పూసిన చోటల్లా వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించి వింటాడు. గట్టిచోటు ఒకలా పలుకుతుంది, గుల్లచోటు ఒకలా. సరిగ్గా అప్పుడే రేడియో వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, "ఏరా, ఏమంటోంది పడవ?" అంటాడు. రాయి లేచి అవతలి వైపుకు పోతాడు. పడవ పలుకు వినబడకే లేచి పోతున్నాడని రేడియోకు తెలియదు. తన ముఖం చూడలేక పోతున్నాడనుకుంటాడు. పన్నెండేళ్లుగా అలాగే అనుకుంటున్నాడు.

పడవను ఏట్లోకి దించే ముందురోజు మధ్యాహ్నం అక్క క్యారేజీ తెచ్చింది. రాయి ఒక్కడే ఉన్నాడు.

"తమ్ముడూ, ఈ పడవ అయిపోయాక వేరు పడతానంటున్నాడు మీ బావ."

రాయి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"వాడికి నేనంటే గిట్టదు, పక్కన కూర్చుంటే లేచిపోతాడు, ఇంకెన్నాళ్లు పట్టుకు వేలాడను అంటాడు. నిజంగా గిట్టదా నీకు?"

గిట్టకపోవడం ఏమిటి! బావ ఊళ్లో లేని రోజున ఉలి కూడా సరిగ్గా దిగదు అతనికి. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాడు.

"అది కాదక్కా..."

"అది కాకపోతే మరేదిరా? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? నాతో కాదు, ఆయనతో చెప్పు!" అని విసురుగా గిన్నెలు సర్దుకుపోయింది.

చెప్పాలి. కానీ ఎలా? అరగంట పడవ చుట్టూ తిరిగాడు. ఉన్నట్టుండి మెరుపులా తట్టింది.

పడవ పనివాళ్లలో ఒక పద్ధతి ఉంది. పదిమంది చేసినా ఆఖరి కొయ్యచీల కొట్టినవాడిదే పడవ. ఇన్నేళ్లూ ఆ దెబ్బ రాయే కొట్టాడు. ఈసారి బావ కొట్టాలి. పడవ ముక్కు కింద, నీళ్లలో మునిగే చోట, బొటనవేలు పట్టేంత చిల్లి ఒకటి మూయకుండా వదిలేశాడు. దాని చుట్టూ సుద్దతో సున్నా గీశాడు. కింద పీట వేసి, పీట మీద చీల, కొయ్యసుత్తి పెట్టాడు. ఇంకా నోటితో చెప్పాలా? కళ్లున్నవాడికి అర్థం కాకపోతుందా? గుండె చిన్నపిల్లాడిలా గంతులేసింది. బావ ఆ సున్నా చూసి ముఖం ఎలా పెడతాడో తలుచుకుని ఒక్కడే నవ్వుకున్నాడు కూడా.

సాయంత్రం రేడియో పరుగున వచ్చాడు. పడవ వైపు చూడనైనా లేదు.

"ఒరే బామ్మర్దీ! రేపు ఇరుపక్కల జనం విరగబడుతున్నారు! బ్యాండు వాళ్లను మాట్లాడా, మైకు పెట్టిస్తున్నా. అందరి ముందూ నిన్ను నిలబెట్టి, ఇదిగో, ఈ పడవ చేసింది వీడేనని చెబుతా. నువ్వు ఓ నాలుగు ముక్కలు మాట్లాడాలి!"

మనిషికి ఇంతకు మించిన గౌరవం ఉండదని రేడియో నమ్మకం. తనకే ఎవరైనా మైకు ఇస్తానంటే ఏడ్చి కాళ్ల మీద పడేవాడు. రాయికి మాత్రం అది తిట్టులా వినబడింది. వేరు పడే ముందు నలుగురిలో నవ్వులపాలు చేసి పంపుదామనే కదా ఇదంతా అనుకున్నాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, చిల్లి సంగతే మరిచి బయటికి నడిచాడు.

"పోరా పో! ఇంకా ఎందుకు బతిమాలుతున్నానో, నాకు బుద్ధి లేక!" అని వెనకనుంచి రేడియో అరిచాడు.

మర్నాడు పదింటికల్లా రేవు కిటకిటలాడింది. చెట్ల మీద జనం, గోడల మీద జనం. బ్యాండు దద్దరిల్లిపోతోంది. పడవ దుంగల మీద, ముక్కు నీళ్లకేసి, రెండు మోకులు పట్టి ఆపితే ఆగి ఉంది. తొలి సవారీ మాదేనని రేవు సంఘం పెద్దలు పన్నెండుమంది అప్పుడే ఎక్కి కూర్చున్నారు.

రాయి కలప దొంతుల వెనక నక్కి చూస్తున్నాడు. మైకులో బావ గొంతు మోగింది.

"ఈ పడవ నేను చెయ్యలేదు. నా మాటలతో పడవలు తేలవు. చేసినవాడు ఇక్కడే ఎక్కడో ఉన్నాడు. ఒరే... వస్తావా?"

ఆ చివరి మాట దగ్గర గొంతు వణికింది. రాయి అదిరిపడ్డాడు. ఎగతాళి చేసేవాడి గొంతు అలా వణుకుతుందా? కాళ్లు వాటంతటవే ఒకడుగు ముందుకు పడ్డాయి. అప్పుడు కనబడింది, పడవ ముక్కు కింద తెల్లటి సున్నా, మధ్యలో నల్లటి చిల్లి. చీల లేదు. పీట ఎక్కడ? పెద్దలు ఎక్కడానికి మెట్టుగా వేసి ఉంది! పొద్దున్నే చోటు సర్దుతూ రేడియో పీట లాగి, దాని మీది సామానంతా పనిముట్ల పెట్టెలో పడేశాడన్నమాట.

"ఆపు బావా!"

అది తన గొంతేనని రాయికే తెలియలేదు. బ్యాండు ఆగిపోయింది. జనమంతా ఇటు తిరిగారు.

రేడియో ముఖం వెలిగిపోయింది. "వచ్చాడు! మాట్లాడాడు! కొట్టండి చప్పట్లు!"

చప్పట్లు మిన్నంటాయి. మోకులు పట్టుకున్నవాళ్లు అదే సైగ అనుకుని వదిలేశారు. పడవ కదిలింది.

"చిల్లి! చిల్లి ఉంది బావా! చీల తే!"

"ఆహా, ఇంకా మాట్లాడుతున్నాడు!"

రాయి ఉరికాడు. మనుషుల్ని తోసుకుని, దుంగలు దాటుకుని, పడవతోపాటే నీళ్లలోకి దూకి చిల్లిలో బొటనవేలు దూర్చి వేలాడాడు. నోట్లోకి నీళ్లు. అయినా అరుస్తూనే ఉన్నాడు. జీవితం మొత్తం దాచుకున్న గొంతంతా అప్పుడే వాడాడు.

చిల్లి అన్న మాట ఎట్టకేలకు రేడియో చెవిన పడింది. మైకు పారేశాడు, పెట్టె తలకిందులు చేశాడు, చీలా సుత్తీ పట్టుకుని చొక్కాతో సహా దూకాడు. ఇద్దరికీ మెడలోతు నీళ్లు.

"ఎవడ్రా దీన్ని వదిలేసింది?"

"నేనే."

"ఎందుకూ?"

"నీ కోసం. ఆఖరి చీల... నువ్వు కొడతావని."

"చెప్పొచ్చు కదరా!"

"సుద్దతో గీశాను కదా!"

"నేనెప్పుడైనా పడవ వైపు చూశాన్రా? జనం వైపు కదా చూస్తా!"

"నేనెప్పుడు చెప్పాను ఏదైనా?"

పైనుంచి సంఘం పెద్ద తొంగి చూశాడు. "ఏమయ్యా, మేం ఉండాలా, దిగాలా?"

"కూర్చోండి బాబూ, ఇంటి గొడవ!" అని రేడియో చీల బిగించి దెబ్బ వేశాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకు చీల కదలకుండా కూర్చుంది. రాయి బల్లకు చెవి ఆనించాడు. రేడియో ఏదో అనబోయాడు. రాయి వేలెత్తాడు. రేడియో ఊపిరి బిగబట్టి ఊరుకున్నాడు. అంతమంది జనం కూడా ఊరుకున్నారు.

"గట్టిగా ఉంది," అన్నాడు రాయి. ఆగి, "వేరు పడతానన్నావట?" అన్నాడు.

"నీకు నా ముఖం చూడబుద్ధి కాదనుకున్నా."

"చూడగలను. పడవను వినేటప్పుడు నువ్వు మాట్లాడితేనే వినబడదు. అందుకే అవతలికి పోతా."

"ఈ ఒక్క ముక్క పన్నెండేళ్ల కింద చెబితే నీ సొమ్మేం పోయేదిరా!" అని రేడియో రాయి నెత్తిన నీళ్లు కొట్టాడు. కొట్టి, మెడ చుట్టూ చెయ్యి వేసి ఏడ్చాడు, నవ్వాడు. ఒడ్డున బ్యాండు వాళ్లు ఎవరూ చెప్పకుండానే మళ్లీ అందుకున్నారు. సంఘం పెద్ద అవతలి ఒడ్డుకు చేరకముందే ఇంకో పడవ కావాలని కేకేశాడు.

తెల్లవారి రాయి కొట్టానికి పోలేదు. బావ ఇంటికి వెళ్లి తలుపు తట్టాడు. అక్క తీసి, తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"బావను లేపు. కలప చూడ్డానికి పోవాలి, ఇద్దరం," అన్నాడు.

దారి పొడవునా బావ మాట్లాడాడు. కలప అడితిలో ఒక దుంగ మీద చెయ్యి వేసి, ఇలాంటిది మళ్లీ దొరకదన్నాడు. ఎప్పుడూ అయితే రాయి తల పక్కకు తిప్పుకుని, తర్వాత ఒంటరిగా వచ్చి మార్చుకుపోయేవాడు.

"వద్దు బావా," అన్నాడు.

"ఎందుకొద్దు?"

రాయి ఆ దుంగ మీద కూర్చున్నాడు, బావను పక్కన కూర్చోమన్నాడు, ఎందుకు వద్దో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.