నలభై అడుగులకొక మనిషి

ట్యాంకు కడుగనీకి దిగిన గాలయ్యను తాడు కట్టి పైకి గుంజిండ్రు. పొద్దుగాల పది గంటలైంది. మూతికి మాస్కు లేదు, నడుముకు బెల్టు లేదు. నౌబాద్‌ల ఈ మందుల ఫ్యాక్టరీల పన్నెండేండ్లు చేసిన మనిషి, మా కండ్ల ముందర సిమెంటు మీద నీలంగ పడి ఉన్నడు.

"మాస్కు ఇచ్చినం. వాడే తీసేసిండు," అన్నడు సూపర్‌వైజర్. పీనుగ మీద ఇంకా గుడ్డన్న కప్పలే.

అబద్ధం. ల్యాబుల పనిజేసే హేబ్సిబా కిటికీలకెళ్లి వీడియో తీసింది. గాలయ్య మాస్కు అడుగుడు, సూపర్‌వైజర్ "పది నిమిషాల పనికి మాస్కేందిరా, దిగు" అనుడు, అంతా అందుల ఉన్నది.

రెండు వందల మందిమి గేటు ముందర కూసున్నం. హేబ్సిబా డ్యూటీ దిగి వీడియో మాకు చూపేలోపల్నే, మధ్యాహ్నానికల్లా నౌబాద్ అంతటా నెట్ బంద్ జేసిండ్రు. రోడ్డుకు అడ్డం బారికేడ్లు పెట్టి, బయటికి పోయేటోళ్ల ఫోన్లు పోలీసోళ్లు గుంజుకుంటున్నరు.

"ఇగ వీడియో ఎట్ల పోతది, యెహోషువన్నా?" అని నాతోని పనిజేసే దత్తు నన్నడిగిండు.

హేబ్సిబా అన్నది: "నెట్ లేకున్నా పోతది. ఈ యాప్ ఉంటె ఒక ఫోన్ పక్క ఫోన్‌కు బ్లూటూత్‌తోని అందిస్తది. అది ఇంకోదానికి. నలభై అడుగులకొక మనిషి నిలబడాలె, అంతే. బారికేడ్ అవుతల జగదేవక్క బజ్జీల బండి ఉన్నది, ఆమె ఫోన్ల ఈ యాప్ ముందే ఎక్కించిన. ఆడికి చేరితె చాలు, ఆడ నెట్ నడుస్తాంది."

యాప్ కూడ ఒక ఫోన్లకెళ్లి ఇంకో ఫోన్లకు ఎక్కించుకున్నం. గోడ పొంటి నిలబడ్డం. నడుమ జాగ పక్క ఫ్యాక్టరీది. మేం నిలబడితె పోలీసోళ్లు తరుముతరు, ఆడ పనిజేసే మల్లప్ప నిలబడాలె.

"నిలబడితె నా పని పోతది," అన్నడు మల్లప్ప.

"రేపు నిన్ను గిట్లనే ట్యాంకుల దింపితె?" అని నేనడిగిన.

"రేపటి సంగతి రేపు." తల దించుకొని లోపలికి వోయిండు. వీడియో ఆడనే ఆగిపోయింది.

అప్పుడు గాలయ్య భార్య అంబమ్మ లేచింది. వాళ్ల ఊరు జనవాడకెళ్లి అప్పుడే వచ్చింది, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "యాడ నిలబడాలె, చెప్పు బిడ్డా." హేబ్సిబా గాలయ్య ఫోన్ల యాప్ ఎక్కించి ఆమె చేతిల పెట్టింది. అంబమ్మ పోయి ఆ జాగల నిలబడ్డది. ఏడ్చే ఆడామెను పోలీసోళ్లు ఏమనలే.

జర సేపటికి బారికేడ్ అవుతల జగదేవక్క వీడియో అందిందని చెయ్యి ఎత్తింది.

వీడియో ఊరంత చూసింది. చూసి ఏం జేసిండ్రు? నాలుగు దినాలకు గాలయ్యదే తప్పని విచారణ కాగితం వచ్చింది. పుకార్లు లేపిందని హేబ్సిబాను జైల్ల ఏసిండ్రు. మా అందరిని పనిలకెళ్లి తీసేసిండ్రు. గేటు ముందర నలభై మందిమే మిగిలినం.

వారానికి హళ్ళిఖేడ్‌కెళ్లి మా జాగల పనికి పన్నెండు మంది కొత్తోళ్లను జీపుల తెచ్చిండ్రు. అంబమ్మ జీపుకు అడ్డం నిలబడ్డది.

"ఆ ట్యాంకుల ఊపిరాడదు, నాయనా. మాస్కు ఇయ్యందే అండ్ల దిగకుండ్రి."

డ్రైవర్ హారన్ కొట్టిండు. తొమ్మిది మంది మా మొకాలు చూడకుంట లోపలికి వోయిండ్రు. వాళ్ల ఇండ్లల్ల సంగతి మాకెరుకే.

ముగ్గురు మాత్రం దిగినోళ్లు దిగినట్టే నిలబడ్డరు. వచ్చి మా పక్కన దుమ్ముల కూసున్నరు.

మేం జరిగి జాగ ఇచ్చినం. పోలీసు జీపు మల్లా వచ్చింది. ఎవ్వరం లేవలే.